తక్కెడా వారిదే, సరుకూ వారిదే!
శోధన యంత్రాలు తమ సొంత సేవలను ముందు వరుసలో నిలబెట్టే తీరు

దక్షిణ అండమాన్‌లో శ్రీ విజయపురం పట్టణానికి ఎదురుగా, సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున ఉన్న చిన్న ఊరు బాంబూఫ్లాట్. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న పట్టణమే నేటి శ్రీ విజయపురం. అక్కడి చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో బాంబూఫ్లాట్‌లో దిగవచ్చు. రోడ్డు మీద రావాలంటే మాత్రం పాయ చుట్టూ తిరిగి రావాలి. 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హ్యారియట్ కొండను చూడవచ్చే యాత్రికులు ఈ ఊరి మీదుగా వెళుతుంటారు. బెంగాలీ, తమిళం, హిందీలతోపాటు తెలుగు కూడా ఈ దీవులలో వేలాది ఇళ్ళలో వినిపించే భాష.

ఇక్కడి నుంచి ప్రధాన భూభాగానికి రైలు లేదు, బస్సు లేదు. ఓడ ఎక్కాలి, లేదా విమానం ఎక్కాలి. ఇంటర్నెట్ కూడా చాలాకాలం ఉపగ్రహాల ద్వారా సన్నని ధారగానే అందింది. చెన్నైని ఈ దీవులతో కలుపుతూ సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఇప్పుడు విశాఖపట్నానికి విమాన టిక్కెట్టు ధర, చెన్నైలో మంచి ఆసుపత్రి, పడవ ఇంజనుకు కావలసిన విడిభాగం, ఇలా ఏది కావాలన్నా ముందుగా అడిగేది శోధన యంత్రాన్నే, అంటే సెర్చ్ ఇంజనునే. అటునుంచి రాదలచిన యాత్రికుడు కూడా ఈ ఊరి గురించి దాన్నే అడుగుతాడు.

ఒక ఊహ చేద్దాం. జెట్టీ దగ్గర పెద్ద నల్లబల్ల ఒకటి ఉందనుకోండి. ఊళ్ళో బస ఎక్కడ బాగుంటుందో, భోజనం ఎక్కడ బాగుంటుందో ఒక పెద్దమనిషి విచారించి, మంచివాటిని పైన, మిగతావాటిని కింద రాస్తూ ఉంటాడు. రాత నిజాయితీగా ఉందని ఊరంతా నమ్మింది. ఫెర్రీ దిగినవారు బల్ల చూసి, పైనున్న రెండు మూడు పేర్లలో ఒకదానికి వెళుతున్నారు. కొన్నాళ్ళకు ఆ పెద్దమనిషే ఒక లాడ్జి తెరిచాడు. మర్నాటి నుంచి బల్ల మీద మొదటి పేరు ఆ లాడ్జిదే, అదీ రంగు సుద్దతో, బొమ్మతో సహా! మిగిలిన లాడ్జీల పేర్లు బల్ల అడుగుకు జారిపోయాయి. ఆయన అబద్ధమేమీ రాయలేదు. ఎవరి పేరూ చెరిపివేయలేదు. అయినా ఏదో అన్యాయం జరిగిందని మీకు అనిపిస్తుంది కదూ? ఆ అన్యాయం సరిగ్గా ఎక్కడుందో తేల్చడానికి ప్రపంచంలోని న్యాయస్థానాలకు పదిహేనేళ్ళు పట్టింది.

వెతికే యంత్రం ఏం చేస్తుంది?

శోధన యంత్రం మూడు పనులు చేస్తుంది. మొదటిది సేకరణ: దాని ప్రోగ్రాములు ఒక వెబ్ పుటనుంచి మరో పుటకు లింకులు పట్టుకుని తిరుగుతూ సమాచారాన్ని పోగుచేస్తాయి. రెండవది సూచిక తయారీ: పెద్ద పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చూపే పట్టిక వంటిదే ఇది, కాకపోతే బ్రహ్మాండమైనది. మూడవది వరుస పెట్టడం: మీరు రెండు మాటలు టైపు చేయగానే, వాటికి సరిపోయే లక్షల పుటలలో ఏది ముందు, ఏది వెనుక అన్నది నిర్ణయించడం.

ఈ మూడవ పనిలోనే అసలు శక్తి ఉంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు వారి ప్రత్యేకత ఇక్కడే కనిపించింది. ఒక పుటకు ఎన్ని పుటలు లింకు ఇచ్చాయి, ఆ లింకు ఇచ్చిన పుటలకు ఎంత గౌరవం ఉంది అన్న లెక్కతో వారు పుటలకు మార్కులు వేశారు. ఊళ్ళో ఎవరు నమ్మదగినవారో తెలుసుకోవాలంటే నలుగురినీ అడిగినట్లే. ఆ నలుగురిలో పెద్దల మాటకు కాస్త ఎక్కువ బరువు. ఇప్పుడు ఈ లెక్కకు మరెన్నో అంశాలు జతకూడాయి. అయితే విద్యార్థులుగా ఉన్నప్పుడే, 1998లో ప్రచురించిన తమ పరిశోధన పత్రంలో వారిద్దరూ ఒక హెచ్చరిక చేశారు. ప్రకటనల ఆదాయంతో నడిచే శోధన యంత్రం సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందనీ, ఆ మొగ్గును కనిపెట్టడం చాలా కష్టమనీ దాని సారాంశం.

పై వరుస మహిమ

వరుసలో కాస్త కిందికి జరిగితే ఏమవుతుంది, కావలసినవాడు వెతుక్కుంటాడు గదా అని మీరు అనవచ్చు. మనిషి కన్ను అలా పనిచేయదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. శోధకుల చూపు తెరమీద ఎక్కడ నిలుస్తోందో పరికరాలతో కొలిచారు. కొందరికి మాత్రం, వారికి తెలియకుండా, ఫలితాల వరుసను తారుమారు చేసి చూపారు. అప్పుడు కూడా చాలామంది పైనున్నదానినే నొక్కారు. పైన ఉంది కాబట్టి మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం వారి చేత అలా చేయించింది.

ఈ నమ్మకం ఎంత బలమైనదో అంకెల్లో చూడండి. యూరోపియన్ కమిషన్ పరిశీలించిన లెక్కల ప్రకారం, కంప్యూటరు తెరమీద మొదటి పుటలోని పది ఫలితాలకే దాదాపు 95 శాతం క్లిక్కులు దక్కుతాయి. అందులోనూ మొట్టమొదటి ఫలితానికి సుమారు 35 శాతం. రెండవ పుటలో మొదట ఉన్నదానికి దక్కేది సుమారు 1 శాతం మాత్రమే! మొదటి స్థానంలో ఉన్నదానిని మూడవ స్థానానికి జరిపితే క్లిక్కులు దాదాపు సగం తగ్గిపోతాయి. ఫోను తెర ఇంకా చిన్నది కనుక అక్కడ పై వరుస బలం మరింత ఎక్కువ. నెమ్మదిగా కదిలే ఇంటర్నెట్‌తో కాలం గడిపిన దీవులవారికి ఇది చెప్పనవసరం లేదు: మొదటి పుట తెరుచుకోవడమే గొప్ప అయినప్పుడు రెండవ పుట జోలికి వెళ్ళేదెవరు?

విమానాల పాత కథ

ఈ జబ్బు ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. 1970వ దశకం రెండవ భాగంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ అనే కంప్యూటరు వ్యవస్థనూ, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన అపోలో వ్యవస్థనూ ట్రావెల్ ఏజెంట్ల బల్లలమీదికి చేర్చాయి. వాటిలో అన్ని కంపెనీల విమానాలూ కనిపించేవి. కాని యంత్రం ఎవరిదో వారి విమానాలు ముందు కనిపించేవి. పని ఒత్తిడిలో ఉన్న ఏజెంటు మొదటి తెరమీద కనిపించిన విమానానికే టిక్కెట్టు కోసేవాడు. ప్రయాణికుడికి అంతకన్నా చవకైన విమానం, త్వరగా చేరే విమానం తర్వాతి తెరలో ఉన్నా ఆ సంగతి అతనికి తెలిసేది కాదు. 1984లో అమెరికా ప్రభుత్వపు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఈ పక్షపాతాన్ని నిషేధిస్తూ నియమాలు చేసింది. ఆ నియమాలు 2004 వరకు అమలులో ఉన్నాయి.

అంటే జాబితా రాసేవాడే జాబితాలో పోటీదారు కూడా అయితే ఏం జరుగుతుందో నలభై ఏళ్ళ క్రితమే తెలుసు. తేడా ఒక్కటే. నాటి యంత్రం ఏజెంటు బల్లమీద ఉండేది, నేటి యంత్రం ప్రతివారి జేబులో ఉంది.

నీలిరంగు వరుసలలోకి పెట్టెలు

మొదట్లో శోధన ఫలితాల పుట అంటే పది నీలిరంగు వరుసలే. నొక్కితే బయటి వెబ్‌సైటుకు వెళ్ళిపోయేవారు. శోధన యంత్రం పని దారి చూపడంతో ముగిసేది. తరువాత గూగుల్ సొంత సేవలను ఒక్కొక్కటిగా పెంచింది: వార్తలు, పటాలు, వీడియోలు, వస్తువుల ధరల పోలిక, విమానాలు, హోటళ్ళు. 2007లో యూనివర్సల్ సెర్చ్ పేరుతో ఈ సేవల ఫలితాలను మామూలు ఫలితాలతో కలిపి ఒకే పుటలో చూపడం ప్రారంభించింది. వాడేవారికి ఇది సౌకర్యమే. కాని జెట్టీ బల్ల రాసేవాడు లాడ్జి తెరిచింది కూడా ఇక్కడే.

సొంత సేవను ముందుకు నెట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. ఒకటి స్థానం: మార్కులతో పనిలేకుండా ఒక నిర్ణీత చోటు కేటాయించడం. రెండు వేషం: ఇతరులకు ఒక వరుస అక్షరాలు, తనకు బొమ్మలు, ధరలు, నక్షత్రాలతో కూడిన పెద్ద పెట్టె. మూడు మినహాయింపు: నాసిరకం పుటలను కిందికి తోసే నియమాన్ని ఇతరులకు వర్తింపజేసి, అదే రకమైన తన సేవకు వర్తింపజేయకపోవడం. మూడవది బయటివారికి కనిపించదు కనుక అన్నిటికన్నా బలమైనది.

ఐరోపాలో తేలిన సంగతి

బ్రిటన్‌లో భార్యాభర్తలు ఆడమ్, షివాన్ రాఫ్ ఫౌండెమ్ అనే ధరల పోలిక వెబ్‌సైటును నడిపేవారు. గూగుల్ శోధనలో తమ సైటు అట్టడుగుకు పడిపోయిందని వారు 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. మరికొందరు కూడా ఫిర్యాదులు చేశారు. 2010 నవంబరులో విచారణ మొదలై, 2017 జూన్ 27న తీర్పు వచ్చింది. గూగుల్ తన ధరల పోలిక సేవను ఫలితాల పైభాగంలో పెట్టెగా చూపుతోందనీ, పోటీ సేవలను కిందికి తోసే నియమాలకు తన సేవను మాత్రం లోబరచలేదనీ కమిషన్ తేల్చింది. పోటీ సేవలలో అన్నిటికన్నా పైన ఉన్నది కూడా సగటున నాలుగవ పుటలో కనిపిస్తోంది! ఈ తీరు మొదలయ్యాక బ్రిటన్‌లో గూగుల్ సేవకు రాకపోకలు 45 రెట్లు పెరిగాయి. అదే సమయంలో కొన్ని పోటీ సైట్లకు ఒక్కసారిగా బ్రిటన్‌లో 85 శాతం, జర్మనీలో 92 శాతం వరకు పడిపోయాయి. జరిమానా 242 కోట్ల యూరోలు. 2021 నవంబరులో ఐరోపా జనరల్ కోర్టు, 2024 సెప్టెంబరు 10న అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఈ జరిమానాను సమర్థించాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. పెద్ద సంస్థ తన సేవను మెరుగ్గా చూపుకున్న ప్రతిసారీ అది నేరమేనని న్యాయస్థానం అనలేదు. ఆ పని జరిగిన పరిస్థితులను చూడాలంది. మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ, అందరూ ఆధారపడే వేదికమీద, తనకొక కొలత, పరులకొక కొలత పెట్టడం ఈ కేసులో తప్పుగా తేలింది. అన్యాయం లాడ్జి తెరవడంలో లేదు. ఒకే తక్కెడలో రెండు రకాల తూనికరాళ్ళు వాడటంలో ఉంది.

మన దేశంలో

మన దేశంలో ఈ ప్రశ్న ఐరోపా తీర్పుకు ముందే మొదలయింది. చెన్నై కేంద్రంగా, తెలుగు మ్యాట్రిమోనీతో సహా పలు భాషలలో పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లు నడిపే మ్యాట్రిమోనీ డాట్ కామ్, జైపూర్‌లోని వినియోగదారుల సంస్థ కట్స్ 2012లో గూగుల్‌పై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాను ఆశ్రయించాయి. 2018 ఫిబ్రవరి 8న కమిషన్ తన ఉత్తర్వు ఇచ్చింది. అందులోని రెండు అంశాలు మన విషయానికి సంబంధించినవి.

మొదటిది, 2010కి ముందు గూగుల్ తన యూనివర్సల్ ఫలితాలను 1వ, 4వ, లేక 10వ స్థానంలోనే ఉంచేది. అంటే అవి మార్కులు తెచ్చుకుని ఆ చోటికి చేరినవి కావు, రిజర్వు చేసిన సీట్లలో కూర్చున్నవి. రెండవది విమానాల పెట్టె. విమాన ప్రయాణం గురించి వెతికితే పుటలో ప్రముఖంగా కనిపించే ఆ పెట్టెలోని లింకు గూగుల్ సొంత విమాన శోధన పుటకు తీసుకుపోతుంది. ఆ సంగతి వాడుకరికి స్పష్టంగా తెలియడం లేదనీ, అదే పని చేసే ఇతర సంస్థలకు నష్టం కలుగుతోందనీ కమిషన్ భావించింది. ఆ లింకు గూగుల్ విమానాల పుటకే తీసుకువెళుతుందని పెట్టెలో స్పష్టంగా రాయాలని ఆదేశించింది. భారత వ్యాపారంపై సగటు ఆదాయంలో 5 శాతం లెక్కన 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఇద్దరు సభ్యులు ఈ ఉత్తర్వుతో విభేదించారు. గూగుల్ అప్పీలుకు వెళ్ళింది. ఫిర్యాదులోని ఆరోపణలన్నిటినీ కమిషన్ అంగీకరించలేదని కూడా చెప్పాలి.

విమానాల పెట్టె హైదరాబాదు వాసికి చిన్న విషయం కావచ్చు. అతనికి టిక్కెట్టు ఖరీదైతే రైలుంది, బస్సుంది. బాంబూఫ్లాట్‌లో ఉన్నవారికి అలా కాదు. ఆసుపత్రికో, పరీక్షకో అత్యవసరంగా బయలుదేరేటప్పుడు ఓడ కోసం రోజులు లెక్కపెట్టలేరు. విమానం ఒక్కటే దారి. ఆ సమయంలో ధరలు పోల్చుకునే దారులు నాలుగు తెరిచి ఉన్నాయా, ఒకటే తెరిచి ఉందా అన్నది జేబుకు నేరుగా తగిలే ప్రశ్న. ఇక నాలుగు గదులున్న బస నడుపుకునేవారి సంగతి. యాత్రికుడు పెట్టెలో కనిపించినదానితోనే సరిపెట్టుకుంటే, తమ సొంత వెబ్‌సైటు ఎంత బాగున్నా ఉపయోగం లేదు. కనబడాలంటే పెట్టె యజమాని నియమాలకు తలవంచాలి, లేదా ప్రకటనకు డబ్బు కట్టాలి. ఆ ఖర్చు చివరకు గది అద్దెలోనే కలుస్తుంది.

రెండో వైపు వాదన

న్యాయంగా రెండో వైపు మాట కూడా వినాలి. "ఐదు మైళ్ళు ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగితే పది వెబ్‌సైట్ల పేర్లు ఇవ్వడంకన్నా జవాబే చెప్పడం మంచిది కదా! తుపాను హెచ్చరిక కోసం వెతికేవారికి అది మొదటి తెరమీదే కనిపించాలి. పటం కావాలన్నవారికి పటమే చూపాలి. గూగుల్ వాదన కూడా ఇదే: ఈ మార్పులు వాడుకరుల మేలు కోసమేనని. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా 2013 జనవరిలో ఇటువంటి ఆరోపణలపై తన విచారణను చర్య లేకుండానే ముగించింది. ఫలితాల పుటలో చేసిన మార్పులు ప్రధానంగా వాడుకరులకు మేలు చేసేవేనని భావించింది.

కాబట్టి సొంత సేవ కనిపించినంత మాత్రాన మోసమని తీర్మానించరాదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ సేవ మిగతావాటితో పాటు ఒకే పరీక్షకు కూర్చుని ఆ స్థానం సంపాదించుకుందా? అది ఎవరిదో చూడగానే తెలుస్తోందా? ఇంకొకరి సేవ అంతకన్నా బాగుంటే అదే చోటికి, అదే వేషంలో రాగలదా? మూడింటికీ అవునని జవాబు వస్తే అది సౌకర్యం. కాదని వస్తే కంచే చేను మేస్తోందని అర్థం.

మీరే చేసి చూడండి

ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక కాగితం, ఒక ఫోను చాలు. ఐదు విషయాలు ఎంచుకోండి: మీ ఊరి నుంచి ఒక విమానం, ఒక పట్టణంలో హోటలు, ఒక వస్తువు ధర, ఒక జబ్బు పేరు, నేటి వార్త ఒకటి. ఒక్కొక్కటి వెతికి, వేలితో తెరను జరపకుండా కనిపించిన మేరకు ప్రతి అంశాన్నీ మూడు గడులలో ఒకదానిలో గుర్తు పెట్టండి: ప్రకటన, శోధన సంస్థ సొంత సేవ, బయటి వెబ్‌సైటు. ఏది ఎవరిదో తెలియకపోతే నొక్కి, పైన కనిపించే చిరునామా చూడండి. చివరకు ఒక్కొక్క గడికి ఎంత శాతం దక్కిందో లెక్కవేయండి.

అదే ఐదు ప్రశ్నలనూ బింగ్‌లోనూ, డక్‌డక్‌గోలోనూ అడిగి పోల్చండి. బింగ్ యజమాని మైక్రోసాఫ్ట్‌కు కూడా సొంత వార్తల పుట, సొంత పటాలు ఉన్నాయి. ఈ ఆకర్షణ ఒక్క గూగుల్‌కే పరిమితం కాదు. ఆధిపత్యం ఉన్నచోట దాని ప్రభావం ఎక్కువ, అంతే. 2020 జూలైలో ది మార్కప్ అనే అమెరికన్ వార్తా సంస్థ ఇటువంటి లెక్కనే పెద్ద ఎత్తున చేసింది. 15,000కు పైగా ప్రశ్నలను పరిశీలించి, ఫోనులో గూగుల్ మొదటి పుటలో 41 శాతం చోటు దాని సొంత సేవలకూ, అది నేరుగా ఇచ్చే జవాబులకూ పోతోందని ప్రకటించింది. ఆ లెక్కించిన తీరును గూగుల్ ఒప్పుకోలేదు. మీ లెక్క ఎంత వస్తుందో చూడండి. ఊరు, ఫోను, రోజు మారితే ఫలితమూ మారవచ్చు కనుక ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి చేస్తే మరీ మంచిది.

ఇక ముందు

ఐరోపాలో డిజిటల్ మార్కెట్ల చట్టపు నియమాలు 2024 మార్చి 7 నుంచి పెద్ద సంస్థలకు వర్తిస్తున్నాయి. వరుస పెట్టడంలో తన సేవకు పక్షపాతం చూపరాదని అందులో ముందే రాసిపెట్టారు. కేసు తేలేదాకా ఏళ్ళ తరబడి ఆగనవసరం లేకుండా ఇది చేసిన ఏర్పాటు. అయినా గూగుల్ శోధన ఈ నియమాన్ని పాటించడం లేదన్న ప్రాథమిక అభిప్రాయాన్ని కమిషన్ 2025 మార్చిలో వెలువరించింది. మన దేశంలో 2024 మార్చిలో బయటపెట్టిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో కూడా సొంత సేవలకు పక్షపాతం చూపరాదన్న నియమం ఉంది.

ఈలోగా పెట్టె రూపం కూడా మారుతోంది. 2024 నుంచి గూగుల్ ఫలితాల పైన కృత్రిమ మేధ రాసిన సారాంశం కనిపించడం మొదలయింది. అది వెబ్‌సైట్లలోని సమాచారాన్నే క్రోడీకరించి జవాబు చెబుతుంది. జవాబు అక్కడే దొరికితే, ఆ సమాచారాన్ని కష్టపడి రాసినవారి దగ్గరకు ఎవరు వెళతారు? వారు రాయడం మానేస్తే రేపు ఆ సారాంశానికి ముడిసరుకు ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు ఇంకా ఏ న్యాయస్థానమూ తుది జవాబు చెప్పలేదు.

చట్టం తన పని తాను చేస్తుంది. మీరు చేయగలిగింది కూడా ఉంది. డబ్బు, ఆరోగ్యం, చదువు వంటి ముఖ్యమైన విషయాలలో మొదటి పెట్టె దగ్గరే ఆగకండి. విమాన టిక్కెట్టు కొనేముందు ఆ విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో ధర ఒకసారి చూడండి. బసకు డబ్బు కట్టేముందు ఆ బస నడిపేవారి ఫోను నంబరు సంపాదించి నేరుగా అడగండి. దీనికి పట్టేది రెండు నిమిషాలు. కింద వరుసలో ఉన్నవారు తలుపు తెరిచి ఉంచాలా, మూసుకోవాలా అన్నది చాలావరకు ఆ రెండు నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది.